అడుగు చూపని బస్తా

పోయినవారం కంచాయనను పెద్దాసుపత్రి ముందు గేటు దగ్గర, తలెత్తి బోర్డు చదువుతుండగా వదిలిపెట్టి వచ్చాం. ఆయన ఇంకా అక్కడే ఉన్నాడు. ఆయనది వానాకాలం చదువే. అయినా ఆ బోర్డు మీది అక్షరాలు కూడబలుక్కోవడానికి అంతకన్నా పెద్ద చదువు అక్కర్లేదు. ‘క్యాన్సర్ విభాగం’ అని రాసి, కింద బాణం గీశారు. ఆ బాణం చూపిస్తున్న వైపే, నెలనెలా తను కూర్చుని ఇంజెక్షన్ ఎక్కించుకునే గది ఉంది.

కొడుకు ఏనాడూ ఆయనను ఈ గేటులోంచి తీసుకురాలేదు. పక్క గుమ్మంలోంచి, దుప్పట్లు ఉతికే గది ముందునుంచి, తడి నేల మీద చెయ్యి పట్టుకుని నడిపించేవాడు. “ఇటైతే దగ్గర నాన్నా, నీ నడుముకి శ్రమ ఉండదు” అనేవాడు. కొడుక్కి తన మీద ఎంత ప్రేమో అని ఆయన లోలోపల మురిసిపోయేవాడు.

ఇవాళే ఈ కథలోకి వచ్చినవాళ్లకి ఆయన సంగతి నాలుగు ముక్కల్లో చెప్పాలి. కంచాయన కూరగాయల మార్కెట్లో వేలంపాట పాడతాడు. గొంతు కంచు మోగినట్టుంటుంది కాబట్టి ఆ పేరు. సొంత పేరు ఇంట్లోవాళ్లే మరిచిపోయారు. ఈ చివర ఆయన “ఒకటోసారి” అంటే, ఆ చివర లారీ కింద పడుకున్న డ్రైవరు లేచి కూర్చుంటాడు. ఆయన పాటకి ఒక కట్టుబాటుంది. బస్తాని పట్టా మీద బోర్లించి, అడుగున ఉన్న సరుకు నలుగురికీ చూపించాకే నోరు విప్పుతాడు. పైన మంచి ఉల్లిపాయలు పరిచి అడుగున కుళ్లు దాచినవాడు ఎంత మోతుబరి అయినా సరే, “తీసుకుపోవయ్యా, ఇది నా నోట పలకదు” అనేవాడు. ఆ మాటకి తిరుగు లేదు.

ఆ నోటికే ఇప్పుడు కష్టం వచ్చింది. వానలకి ముందు ఓ దవడ పన్ను సలుపుతుంటే, వీధి చివరి పళ్ల డాక్టరు దగ్గర పీకించుకున్నాడు. ఆ గుంట పూడలేదు. నాలుకకి గులకరాయిలా ఏదో గరుగ్గా తగులుతోంది. నోరు వాసన కొడుతోంది. మొన్న పాట మధ్యలో దవడ పట్టేసి, అంతమందిలో మాట ఆగిపోయింది. ‘పన్ను ముక్క లోపలే వదిలేశాడు, వాడి సంగతి తేలుస్తా’ అని ఈ ఉదయం పళ్ల డాక్టరు మీదికి వెళ్లాడు. అతను దీపం వేసి నోట్లోకి చూశాడు.

“ఇది పన్ను కాదు పెద్దాయనా, మీ దవడ ఎముకే. ఎముకలకి ఏమైనా ఇంజెక్షన్ చేయించుకుంటున్నారా?”

“బలానికి. నెలకోటి.”

“పన్ను పీకే ముందు అడిగాను కదండీ, మందులేమైనా వాడుతున్నారా అని! లేదన్నారే?”

“బలం ఇంజెక్షన్ మందెలా అవుతుందయ్యా?”

“అది బలానికో, మరి దేనికో, పెద్ద గేటులోంచి లోపలికెళ్లి మీరే అడగండి. వాళ్లు చెప్పకుండా నేనిక చెయ్యి పెట్టను” అన్నాడు డాక్టరు.

ఇవాళ ఇంజెక్షన్ రోజు కూడా. లారీ ఆఫీసులో గుమాస్తాగా చేసే కొడుకు, పని చూసుకుని ఇంటికొచ్చి తీసుకెళ్తానన్నాడు. దానికింకా వ్యవధి ఉంది. కంచాయన బోర్డు మీదినుంచి చూపు దించి, భుజం మీది తువ్వాలు దులిపి, బాణం చూపించిన వైపు నడిచాడు.

మందెక్కించే గది ఎప్పటిలాగే ఉంది. గోడవారన చేతుల కుర్చీలు, ఒక్కో కుర్చీ పక్కన ఇనుప కొక్కేనికి వేలాడే సీసా, కిటికీకి సగం దాకా ఆకుపచ్చ తెర. ఉన్ని అల్లుకుంటూ కూర్చునే ఆవిడ ఇవాళా అదే కుర్చీలో ఉంది. తలకి గుడ్డ చుట్టుకుంది. ఆ గుడ్డ కింద జుట్టు లేదని ఆయన ఇన్నాళ్లూ చూస్తూనే ఉన్నాడు. చూసి, ఆమెకి బలం తక్కువ కాబోలు అనుకున్నాడు. తన తెలివికి తనకే ఒళ్లు మండింది.

“అదేంటి బాబాయ్‌గారూ, ఒక్కరే వచ్చారు? మీ అబ్బాయేడీ?” అంది సిస్టరమ్మ.

“సూది వాడికా, నాకా?”

“మీకే. కానీ అడగాల్సినవన్నీ ఎప్పుడూ ఆయన్నే అడుగుతాను కదా.”

“ఇవాళ నన్నడుగు.”

ఆమె నవ్వి కలం తీసింది. ఇన్నాళ్లూ ఈ తంతు ఎలా జరిగేదంటే, కొడుకు ఆయనను కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టి, తను సిస్టరమ్మ బల్ల దగ్గరికి వెళ్లి, వంగి, మెల్లగా ఏవో జవాబులు చెప్పేవాడు.

“పొద్దున్నుంచి నీళ్లు బాగా తాగారా?”

“తాగకపోతే ఏం?”

“ఈ మందు కిడ్నీల మీద పడుతుంది బాబాయ్. ఒంట్లో నీళ్లు తక్కువుంటే వాటికి దెబ్బ. అందుకే ప్రతిసారీ ముందు రక్తం పరీక్ష చేసి, బాగుంటేనే ఎక్కిస్తాం. అదీ పావుగంటకి తక్కువ కాకుండా, నిదానంగా.”

“రక్తం పట్టిందో లేదో చూడ్డానికి తీస్తున్నారన్నాడే మావాడు!”

కలం ఆగింది. సిస్టరమ్మ ఆయన ముఖంలోకి చూసి, మళ్లీ రాయబోయింది.

“నొప్పులకి బయట బిళ్లలేమైనా కొనుక్కుంటున్నారా?”

“దవడ నొప్పికి. పొద్దునొకటి, పడుకునేముందొకటి. మందుల షాపువాడు మంచి ఘాటైనవి ఇచ్చాడు.”

“అయ్యో, అడక్కుండా వేసుకోకూడదు బాబాయ్! అవీ కిడ్నీలకి చేటే. సరే, కాల్షియం బిళ్లలు మానకుండా వేసుకుంటున్నారు కదా?”

“అవేంటి?”

“తెల్లగా, లావుగా ఉంటాయే.”

“ఓ, బలం బిళ్లలా! మా హమాలీకి ఇచ్చేశాను. బస్తాలు మోసేది వాడు. నేను అరవడమే కదా, నాకు బలమెందుకు?”

ఉన్ని అల్లే ఆవిడ ఫక్కున నవ్వింది. సిస్టరమ్మ నవ్వలేదు.

“మూతి చుట్టూ, వేళ్ల కొసలూ తిమ్మిరెక్కుతున్నాయా?”

కంచాయన తన వేళ్ల వంక చూసుకున్నాడు. “నీకెవరు చెప్పారు?”

“ఈ ఇంజెక్షన్ తీసుకుంటూ ఆ బిళ్లలు మానేస్తే, ఒంట్లో కాల్షియం పడిపోతుంది. తిమ్మిరితో మొదలై ఎక్కడిదాకానైనా పోతుంది. ఇవి ఎందుకో మీకెవరూ...” అని మధ్యలోనే ఆగి, “ఇందాక దవడ నొప్పి అన్నారు. ఏదీ, నోరు తెరవండి” అంది.

తెరిచినంత తెరిచాడు. ఆమె టార్చి వేసి చూసింది. టార్చి ఆర్పి, కొక్కేనికి తగిలించబోయిన సీసాని తీసుకెళ్లి బీరువాలో పెట్టేసి, డాక్టరమ్మ కోసం వెళ్లింది. పరిగెత్తలేదు కానీ, నడక మాత్రం నడకలా లేదు.

అప్పుడొచ్చాడు కొడుకు, పక్క గుమ్మంలోంచి. చేతిలో ఎప్పుడూ తెచ్చే గుడ్డసంచీ. చొక్కా చెమటకి వీపునంటుకుపోయింది.

“నాన్నా! ఇంట్లో లేవంటే ఎంత కంగారుపడ్డామో! ఎలా వచ్చావు?”

“గేటులోంచి.”

కొడుకు సంచీని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

డాక్టరమ్మ వచ్చింది. నడివయసు మనిషి, కళ్లజోడు నెత్తి మీదికి నెట్టుకుని ఉంది. నోరు పట్టి పట్టి చూసింది. చేతి తొడుగులు ఊడదీసి, కొడుకు వైపు తిరిగింది.

“మొదటి ఇంజెక్షన్‌కి ముందే పళ్ల డాక్టరుకి చూపించమన్నానా? పీకాల్సినవి ఉంటే అప్పుడే పీకించి, పుండు మానాక తీసుకురమ్మన్నానా?”

“అన్నారండి.”

“చూపించామన్నావు.”

“చూపించడానికి తీసుకెళ్తే... పళ్లు బాగానే ఉన్నాయిగా, ఎందుకని నాన్న అడుగుతాడు కదండీ. ఏం చెప్పను?”

“మొదలుపెట్టాక పన్ను పీకించొద్దని, పీకక తప్పకపోతే ముందు నాకు చెప్పమని అన్నాను. అది ఆయనకి చెప్పావా?”

“పన్ను పీకించుకున్నట్టు నాకూ తర్వాతే తెలిసిందండి.”

“తెలిశాక కూడా పోయిన నెల ఇక్కడ నిలబడి, పళ్లు, దవడ బాగున్నాయని సిస్టర్‌తో చెప్పావు!”

“చెబితే మందు ఆపేస్తారేమోనని భయపడ్డాను.”

డాక్టరమ్మ ముఖం కందిపోయింది. “నాన్నకి అన్నీ తెలుసు, ఎదురుగా అంటే దిగులుపడతాడు, మీరు ఎత్తకండి అన్నావు. నేను నమ్మాను. ఆయన్ని నేరుగా ఒక్క మాట అడక్కపోవడం నా బుద్ధితక్కువ.”

“ఎవరికి ఏం తెలుసంటున్నారమ్మా?” అన్నాడు కంచాయన. గొంతు తగ్గించే అన్నాడు. మార్కెట్లో వాళ్లుంటే ఆ తగ్గింపుకే పక్కకి తప్పుకునేవాళ్లు.

డాక్టరమ్మ స్టూలు లాక్కుని ఆయనకి ఎదురుగా కూర్చుంది. “పోయినేడు మూత్రం దారికి ఆపరేషన్ చేశారు కదా. ప్రోస్టేట్ గ్రంథి వాచిందని చెప్పారా? అది వాపు కాదండీ, క్యాన్సర్. నడుము ఎముకల్లోకి పాకింది. మీ నడుము నొప్పి అదే. ఈ ఇంజెక్షన్ ఆ ఎముకలు విరక్కుండా కాపాడుతుంది. మంచి మందే. మీకు పనిచేస్తోంది కూడా. కాకపోతే ఇది వాడేవాళ్లలో కొందరికి దవడ ఎముక గాయం సరిగ్గా మానదు. అక్కడ పన్ను పీకితే ఆ ముప్పు ఇంకా పెరుగుతుంది. మీకు ఆ గుంటలో కొంత ఎముక చచ్చిపోయి బయటపడింది.”

“నా గొంతు?”

“ఇప్పుడే చెప్పలేను. ఇంకా చిన్నదే. దవడ సర్జన్ చూడాలి. ఈలోగా నోరు శుభ్రంగా పుక్కిలించాలి, నేనిచ్చే మందులు వాడాలి, షాపు బిళ్లలు ఆపెయ్యాలి. ఇలా ముందుగా పట్టుకుంటే చాలామందికి అక్కడితో ఆపగలిగాం. ఇవాళ ఇంజెక్షన్ ఇవ్వను. మళ్లీ ఎప్పుడు, ఇవ్వాలా వద్దా అన్నది సర్జన్ చూశాక మనిద్దరం కూర్చుని తేల్చుకుందాం. మీరూ, నేనూ.”

మనిద్దరం. ఆ ఒక్క మాటా ఆయన చెవిలో చల్లగా పడింది. మిగతావన్నీ మరిగే నూనె.

జబ్బు పేరు విని ఆయన గుండె జారలేదని కాదు. జారింది. కానీ దాన్ని వెనకనుంచి కోపం వచ్చి తొక్కేసింది. ఏడాదిగా తన ఒంట్లో ఏం జరుగుతోందో లారీ ఆఫీసు గుమాస్తాకి తెలుసు, తనకి తెలియదు. తన నోటికి ముప్పుందని తన కొడుక్కి తెలుసు, ఆ నోటితో బతికే తనకి తెలియదు. తెలిసుంటే ఆ పన్ను పీకించుకునేవాడా? ఎంత సలిపినా పళ్లు నూరుకుని, ముందు ఇక్కడికి వచ్చి అడిగేవాడు కాదా?

“ఆ సంచీ ఇటియ్యి” అన్నాడు.

“ఎందుకు నాన్నా? నీళ్లూ, పళ్లూ...”

లాక్కున్నాడు. గది మధ్యలో నిలబడి, ఇన్నేళ్లు బస్తాలు బోర్లించిన చేతులతో దాన్ని నేల మీద బోర్లించాడు. నారింజలు కుర్చీల కిందికి దొర్లాయి. నీళ్ల సీసా దొర్లి ఉన్ని ఉండకి తగిలింది. చిట్టచివర అడుగునుంచి పడ్డాయి, బిళ్లల అట్టలు. మందు పేరున్న వైపంతా బ్లేడుతో గీకేసి ఉంది.

“చూశావమ్మా డాక్టరమ్మా, ఇదీ మావాడి సరుకు! పైన పళ్లు, అడుగున ఇవి! కూర్చుని ఎంత ఓపిగ్గా గీకాడో చూడు. ఆ ఓపిక చిన్నప్పుడు పలక మీద ఉంటే వీడు కలెక్టరయ్యేవాడు!”

“నాన్నా, మెల్లగా. అందరూ వింటున్నారు.”

“విననీరా! ఇంకెన్నాళ్లు వినపడుతుందో ఈ గొంతు! ఊళ్లో వాళ్ల ఉల్లిపాయలకి నేనిచ్చిన మర్యాద నా ఒంటికి ఇవ్వలేదేంరా నువ్వు? చెప్పు. ఇంట్లో ఇంకెవరికి తెలుసు?”

కొడుకు తల దించుకున్నాడు.

“చెప్పవా? సరే, పాటకి పెడుతున్నా. నా చావు సంగతి నాకన్నా ముందు తెలిసినవాళ్లెవరు? ఒకటోసారి!”

కిటికీ అద్దాలు అదిరాయి. వరండాలో వెళ్తున్నవాళ్లు ఆగిపోయారు.

“నీ కోడలికి తెలుసు నాన్నా.”

“అందుకా, పోయినేటినుంచి అడక్కుండా మారు వడ్డిస్తోంది! ఆ పిల్ల కూర్చోమంటే ప్రేమనుకున్నాను, లేవమంటే ప్రేమనుకున్నాను. ఇంకా? రెండోసారి!”

కొడుకు కళ్లు చెమ్మగిల్లాయి. చూపు పక్క గుమ్మం వైపు పోయింది.

“మీ అమ్మ పేరు చెప్పకు. దానికి తెలీదని నాకు తెలుసు. కూర మాడితే మాడిందని చెప్పే మనిషి అది. ఇన్నేళ్ల కాపురంలో నా దగ్గర సూదంత సంగతి దాచలేదు. మీ అందరిలో బోర్లిస్తే అడుగుదాకా ఒకటే సరుకుండే మనిషి అదొక్కతే. ఇంకెవరున్నారు? మూడో...”

దవడ పట్టేసింది. మాట సగంలో విరిగింది. ఆయన చెంప పట్టుకుని, కళ్లు మూసుకుని, నోరు కదపడానికి పెనుగులాడాడు.

“నాకు తెలుసు” అంది పక్క గుమ్మంలోంచి ఓ గొంతు.

ఆయన భార్య. కొడుకుతోపాటే వచ్చింది. ఏమీ తినకుండా వెళ్లిపోయాడని, నమలక్కర్లేకుండా మెత్తగా చేసిన తిండి డబ్బాలో పెట్టుకుని వచ్చి, ఇంతసేపూ బయట బల్ల మీద కూర్చుంది.

“వాణ్ని అనకండి. దాచమన్నది నేనే. చెబుతానని వాడు కాళ్లావేళ్లా పడ్డాడు. చెబితే నా మీద ఒట్టే అన్నాను.”

కంచాయన కళ్లు తెరిచాడు. కొడుకు మీద అరవడానికి ఉన్న బలం ఈవిడ ముందు ఉన్నట్టుండి లేకుండా పోయింది. అది ఆయనకి ఇంకా కోపం తెప్పించింది.

“నువ్వా?” మాట ముద్దగా వచ్చింది. “నువ్వు కూడానా?”

“నేనే. ఏం, కొత్తా మనింట్లో ఇది?” ఆవిడ గుమ్మం దాటి లోపలికి వచ్చింది. ఆవిడకీ కోపం వచ్చింది, ఎన్నాళ్లుగానో అణిచిపెట్టిన కోపం. “బావగారికి ఈ మాయరోగమే వచ్చినప్పుడు మమ్మల్నందరినీ వంటింట్లో వరసగా నిలబెట్టి, ‘మా అన్నయ్యకి ఎవరైనా చెప్పారో, నాలుక చీరేస్తా’ అన్నదెవరండీ? వాతం నొప్పులని చెప్పించిందెవరు? మీరు చెప్పమన్నట్టే చెప్పాం. చిన్నపిల్లలచేత కూడా చెప్పించాం. వీడు అప్పుడు చిన్నవాడు. పెదనాన్నకి వాతం, పెదనాన్నకి వాతం అని పాఠంలా వల్లెవేశాడు. ఎవరి దగ్గర నేర్చుకున్నాడనుకున్నారు?”

కొడుకు గోడ వైపు తిరిగిపోయాడు.

“ఆనాడు మీరు చేసింది ప్రేమ, ఈనాడు మేం చేసింది మోసమా?”

“అదీ ఇదీ ఒకటేనా?” అన్నాడు ఆయన. లేచిన చెయ్యి దానంతటదే దిగింది. “అన్నయ్యకి మందు లేదన్నారు. చెప్పి ఏం లాభం? తనకి తెలీకుండానే, నిమ్మళంగా పోయాడు. ఆఖరి రోజు కూడా నా చెయ్యి పట్టుకుని నవ్వుతూ మాట్లాడాడు. ఆ ఒక్క పనీ నేను సరిగ్గా చేశానే.”

ఆ మాట ఆయన ఇన్నేళ్లుగా ఎవరితోనో ఒకరితో అంటూనే ఉన్నాడు. మార్కెట్లో అన్నాడు, పెళ్లిళ్లలో అన్నాడు, ఒక్కడే ఉన్నప్పుడు తనలో తను అనుకున్నాడు.

ఆవిడ డబ్బాని కుర్చీ మీద పెట్టింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. తుడుచుకోవడానికి ఆ చేతులకి ఏమీ లేదు.

“బావగారికి తెలుసండీ.”

“ఏంటి?”

“మొదటినుంచీ తెలుసు. మీరంతా పడే అవస్థ చూసి, తెలియనట్టే ఉండిపోయారు. ఆ నవ్వు కూడా మీకోసమే. పోయే ముందురోజు నేను మంచం దగ్గరుంటే, ‘అమ్మాయ్, తలుపు దగ్గరికి వెయ్యి’ అన్నారు. మీకు చెప్పమని ఒక మాట చెప్పారు. వింటే మీరు తట్టుకోలేరని, ఇన్నేళ్లూ నేనే మింగి కూర్చున్నాను.”

కంచాయన కూర్చుండిపోయాడు. నారింజ ఒకటి ఆయన కాలికి తగిలి ఆగి ఉంది. డాక్టరమ్మ సిస్టరమ్మని చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. ఉన్ని అల్లే ఆవిడ అల్లిక ఒళ్లో పెట్టుకుని, గోడ వైపు చూస్తోంది.

తల్లి కొడుకు భుజం తట్టింది. “నువ్వు కాసేపు బయటికెళ్లరా.”

“వద్దు” అన్నాడు కంచాయన. దవడ తెరుచుకోలేదు. పళ్ల సందునుంచే, ఒక్కో మాటా నొప్పితో లాక్కుంటూ అన్నాడు. “వాడూ వినాలి. పైపైన వద్దు. అన్నయ్య ఎలా అన్నాడో అలాగే కావాలి. బోర్లించు.”

ఆవిడ వెనక్కి తిరిగి తలుపు దగ్గరికి వేసి వచ్చి, ఆయన ఎదురుగా, డాక్టరమ్మ ఖాళీ చేసిన స్టూలు మీద కూర్చుంది.